కృతజ్ఞతకు తూకంరాళ్లు

మా వరంగల్‌లో సంతానం కలిగినందుకు దేవుడికి కృతజ్ఞతను కిలోల లెక్కన చెల్లిస్తారు. మగపిల్లవాడు పుడితే మండీబజార్ నుంచి మిఠాయి డబ్బాలు ఆటోలో దిగుతాయి. ఆడపిల్లయితే అరకిలో పొట్లం, అదీ ఆస్పత్రి ఆయా రెండుసార్లు గుర్తు చేశాక. అల్‌హందులిల్లాహ్ (దేవుడికే స్తుతి) మాత్రం రెండుసార్లూ అంటారు. మొదటిది వీధి చివరిదాకా వినిపిస్తుంది. రెండోదానికి పక్కనున్నవాడు "ఏమన్నారు?" అని అడగాల్సి వస్తుంది.

నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఖురాన్ 42వ సూరా (అధ్యాయం) 49వ వాక్యంలో, తాను కోరినవారికి కూతుళ్లను ఇస్తాననీ, కోరినవారికి కొడుకులను ఇస్తాననీ అల్లాహ్ చెప్పాడు. కూతుళ్ల మాటే ముందు. ఆ వాక్యాన్ని మావాళ్లు ఎంతో శ్రావ్యంగా పఠిస్తారు. అరబీలో ఉంది కనుక వరస ఎవరికీ పట్టదు. 16వ సూరాలో ఇంకొకాయన కనిపిస్తాడు. ఆడపిల్ల పుట్టిందన్న కబురు విని మొహం నల్లబడి, జనానికి కనబడకుండా తప్పించుకు తిరుగుతాడు. అది ఇస్లాంకు ముందటి అరబ్బుల సంగతని మా మేనమామ ఖండితంగా చెప్పాడు. మనవరాలు పుట్టిన రోజున, ఆస్పత్రి వరండాలో, గోడవైపు తిరిగి.

ఇక అఖీఖా, అంటే బిడ్డ పుట్టినందుకు కృతజ్ఞతగా ఇచ్చే బలి. ఏడో రోజున మగబిడ్డకు రెండు మేకలు, ఆడబిడ్డకు ఒకటి. ఈ గణితం మావాళ్లకు బాగా వంటబట్టింది. రెండులో సగం ఒకటి కాబట్టి, ఇంకొంచెం తగ్గిస్తే సున్నా అని తేల్చారు. మగబిడ్డకు హనుమకొండలో ఫంక్షన్ హాలు, బిర్యానీ, డబుల్ కా మీఠా. మాంసంలో పేదలకు వాటా ఉందని మరిచిపోరు సుమా! గేటు బయట నిలబడ్డవారికి వాసన ఉచితం. ఆడబిడ్డకు "తర్వాత చూద్దాం" అంటారు. ఆ "తర్వాత" ఆమె పెళ్లిదాకా రాదు.

నిజానికి ఇందులో తూకం ఒకటి ఉంది, మావాళ్లు పట్టించుకోనిది అదొక్కటే. బిడ్డ తల గొరిగి, ఆ వెంట్రుకల ఎత్తు వెండి దానం చేయాలి. ప్రవక్త కుమార్తె ఫాతిమా తన కొడుకులు హసన్, హుసేన్‌లకే కాదు, కూతుళ్లు జైనబ్, ఉమ్మె కుల్సూమ్‌లకు కూడా అలాగే చేశారని హదీసుల్లో (ప్రవక్త, ఆయన సన్నిహితుల గురించిన ఉల్లేఖనాల్లో) ఉంది.

ఈ సంగతి చెప్పి మామను ఒప్పించడానికి నాకు మూడు రోజులు పట్టింది. మనవరాలి వెంట్రుకలను క్యాలెండర్ కాగితంలో మడిచి, వెండి దుకాణానికి వెళ్లాం. షావుకారు పొట్లం విప్పి, చిటికెడు మెత్తని నలుపును కాటా మీద పెట్టాడు. అంకెలు ఒకసారి వణికి సున్నా దగ్గరే ఆగాయి.

"మగపిల్లవాడిదయితే ఎక్కువ తూగేదేమో" అన్నాడు మామ.

షావుకారు ఏమీ అనలేదు. కుర్రాడితో ఫ్యాను ఆపించి, మళ్లీ తూచాడు.