సర్దుకోమనేది ఎవర్ని?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కొత్తవాళ్ళని ఇట్టే గుర్తుపట్టెయ్యొచ్చు. పొలమారి, కళ్ళ నీళ్ళు కారుతుంటే కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని గేటు వైపు పరిగెత్తుతుంటారు, పక్కనే హమాలీ మాత్రం మొహానికి తువ్వాలు చుట్టుకుని టిక్కీ (మిర్చి బస్తా) మీద టిక్కీ వేసుకుంటూ "రెండ్రోజులుంటే అలవాటైపోద్దండీ" అంటాడు. నిజమే, చాలామందికి అలవాటైపోద్ది. మిరపలో ఉండే క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాల్నే వెళ్ళి తాకుద్ది, అందుకే ఆ మంట, ఆ దగ్గు, అది ఎలర్జీ కూడా కాదు. మళ్ళీ మళ్ళీ తగిలితే ఆ నరాలు కాస్త మొద్దుబారతాయి. మన కారం ఘనత గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా లోపల జరిగేది ఇంతే.

చిక్కెక్కడంటే ఇదే "అలవాటైపోద్ది" అనే మాటని మనం సిగరెట్టు పొగకి కూడా వాడేస్తున్నాం. బస్టాండులో బెంచీ మీద ఒకాయన బీడీ ముట్టిస్తాడు, పక్కనున్న అమ్మాయి చున్నీ ముక్కుకి పెట్టుకుని దగ్గుద్ది, చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని ఏమీ అనరు, పైగా "ఏమ్మా, కాస్త అటు జరిగి కూర్చో" అని ఆ పిల్లకే చెప్తారు. ఆ పిల్లకి ఆస్తమా ఉందేమో, బ్యాగులో ఇన్హేలర్ ఉందేమో ఎవరికీ అక్కర్లేదు. దగ్గినవాళ్ళు సున్నితం, దగ్గనివాళ్ళు గట్టోళ్ళు అని ఓ లెక్క వేసేసుకున్నాం కదా.

ఆ లెక్కే తప్పంటున్నాం మేము. పొగాకు పొగలో 7,000కి పైగా రసాయనాలున్నాయి, వాటిలో 70 దాకా కేన్సర్ తెచ్చేవే. పక్కవాళ్ళు వదిలిన పొగ ఇంత వరకైతే పర్లేదు అని చెప్పే లెవెల్ ఏదీ లేదని 2006లోనే అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి, రిపోర్టు తేల్చేసింది. అంటే ఆ బెంచీ మీద దగ్గని నలుగురికి కూడా అదే పొగ లోపలికి పోతోంది, ఆ అమ్మాయికి ముందే తెలిసింది, మిగతావాళ్ళకి తెలియట్లేదు, అంతే తేడా.

అలాగని ముక్కుకి పడని ప్రతిదాన్నీ ఆపేయమంటే ఊళ్ళో బతకలేం. సిటీ బస్సులో ముందు సీటావిడ మూర మల్లెపూలు పెట్టుకుంటే మనకి తలనొప్పొస్తే సీటు మార్చుకోవాల్సింది మనమే, పూలు తీసెయ్యమని అడగలేం. పక్కింట్లో ఎండుమిరపకాయల తాలింపు ఘాటొస్తే కిటికీ వేసుకుంటాం. సాంబ్రాణి సంగతి మాత్రం కొంచెం వేరు, విజయవాడ బీసెంట్ రోడ్డు బజారు లాంటి చోట సాయంత్రం దీపం పెట్టి ధూపం వేయొద్దని ఎవరూ అనరు, కానీ ఏసీ కోసం తలుపులన్నీ బిగించిన షాపులో గుప్పున వేస్తే అది కూడా పొగే, దేవుడి పేరు చెప్పినంత మాత్రాన ఊపిరితిత్తులు ఊరుకోవు. ఐదు నిమిషాలు తలుపు తీసిపెడితే అయిపోయే పని. ఇక ఖాళీ స్థలాల్లో విరగబూసే వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడికి తుమ్మేవాళ్ళు ఎవర్ని సర్దుకోమని అడగాలి? అక్కడ మున్సిపాలిటీ కదలాలి.

మేము చూసేది ఒక్కటే, ఎవరు తేలిగ్గా పక్కకి జరగగలరు అని. సిగరెట్టు తాగే మనిషి నాలుగడుగులు వేసి జనం లేని చోటికి పోగలడు, ఆయాసంతో ఉన్న మనిషి ఊపిరి తీసుకోకుండా ఉండలేడు.

ఇది పొగాకు రైతు మీద కోపంతో రాస్తున్నది కాదు. పొగాకు బోర్డు హెడ్డాఫీసు ఉన్నదే గుంటూరులో, ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళల్లో పిల్లల చదువులు ఆ ఆకు మీదే సాగాయి. పంట సంగతి వేరు, బస్టాండు బెంచీ సంగతి వేరు.

చట్టం లేదా అంటే ఉంది. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగొద్దని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది, 2003లో చట్టమొచ్చింది, 2008 అక్టోబరు 2 నుంచి, అంటే గాంధీ జయంతి రోజు నుంచి, రూల్స్ అమల్లోకొచ్చాయి. బస్టాపు పైకప్పు లేకపోయినా, ఆరుబయటే అయినా దాని కిందకే వస్తుంది. జరిమానా 200 రూపాయల దాకా. చాలామందికి తెలియనిది ఇంకోటుంది, అలాంటి చోట యాష్‌ట్రేలూ అగ్గిపెట్టెలూ లైటర్లూ ఇవ్వకూడదు, ఎవరైనా తాగితే కంప్లైంటు ఎవరికి చెయ్యాలో ఆ మనిషి పేరు అక్కడ కనపడేలా రాసిపెట్టాలి, చెప్పినా పట్టించుకోకపోతే ఆ బాధ్యుడికే జరిమానా పడుద్ది. అంటే దగ్గొచ్చిన అమ్మాయి ముక్కూ మొహం తెలియని మనిషితో బెంచీ మీద గొడవ పెట్టుకోవాల్సిన అవసరమే లేకుండా రూలు రాశారు.

గోడ మీద సిగరెట్టు బొమ్మకి అడ్డగీత కొట్టిన బోర్డులు గుంటూరు, విజయవాడ, మన రెండూళ్ళలోనూ చాలానే ఉన్నాయి. దాని కింద కంప్లైంటు తీసుకునే మనిషి పేరు రాసుందో లేదో ఈసారి బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకసారి చూడండి, లేకపోతే అక్కడే కంట్రోలర్‌ని అడగండి.