పత్తి కట్టె చేనులో బూడిద, స్నానం నీళ్లకు సిలిండర్

చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. వరంగల్‌లో అంత చలి లేకున్నా, తెల్లారి చన్నీళ్లు పోసుకోవడం ముసలివాళ్లకు, పసిపిల్లలకు అయ్యే పని కాదు. మన దగ్గర ఇల్లు వెచ్చబెట్టుకునే అలవాటు లేదు కాబట్టి చలికి పెట్టే ఖర్చంతా స్నానం నీళ్ల మీదే. ఇంధనం మీద జరిగే చర్చలో ఈ ఖర్చు ఊసే ఉండదు.

గ్యాసు నూనె స్టవ్‌ల కాలం పోయింది. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలతో సిలిండర్ పేదల ఇళ్లకూ చేరింది. ఆడవాళ్ల ఊపిరితిత్తులను కాపాడిన మార్పు అది, అందులో వెనక్కి పోయేది లేదు. కానీ దేశంలో వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే, ఎక్కువ భాగం గల్ఫ్ నుంచే వస్తుంది. అక్కడ గొడవ మొదలైతే ఇక్కడ టెన్షన్. అలాంటి ఇంధనాన్ని నీళ్లు కాచడానికి వాడడం దండుగ.

లెక్క వేసి చూడండి. 15 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే సుమారు 60 గ్రాముల గ్యాసు కావాలి. నలుగురున్న ఇంట్లో రోజుకు పావుకిలో. అంటే 14.2 కిలోల సిలిండర్ రెండు నెలల్లో నీళ్లకే ఖాళీ. హీటర్ పెడితే బకెట్‌కు దాదాపు అర యూనిట్, నెలకు 60 యూనిట్లు. గృహజ్యోతి కింద వచ్చే 200 ఉచిత యూనిట్లలో దాదాపు మూడో వంతు దానికే పోతుంది. పైగా సిల్వర్ బకెట్‌లో హీటర్ వేసి, స్విచ్ తీయకుండానే నీళ్లు ముట్టుకుని షాక్‌తో చనిపోయినవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం.

ఇంకోపక్క, తెలంగాణలో 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తున్నాం. ఏరడాలు అయిపోయాక ఎకరానికి అటూ ఇటుగా టన్ను కట్టె మిగులుతుంది. చాలామంది దాన్ని పీకి చేనులోనే తగలబెడతారు. రైతును తప్పుపట్టలేం. కట్టెను ఇంటి పక్కన కుప్ప వేస్తే ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ పంట మీదికి వస్తుంది. కూలీ పెట్టి మోయించినా కొనేవాడు దొరకడు. మూడు రాళ్ల పొయ్యిలో పెడితే వేడిలో ఎక్కువ భాగం గాలిపాలై, పొగ మాత్రం ఇంటిల్లిపాదికీ మిగులుతుంది.

అందుకే కట్టెను నూరి, అచ్చుపోసి బ్రికెట్లు, అంటే పొయ్యిలో పెట్టే గట్టి దిమ్మలు చేయాలి. పురుగు బతకదు, నిల్వ సులువు. మధ్యలో పొగగొట్టం ఉండే నీళ్ల బాయిలర్‌లో ఆరుబయట వాడితే పొగ సమస్య కూడా చాలావరకు తగ్గుతుంది. వరంగల్‌లో ఏనుమాముల మార్కెట్ చుట్టూ, ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులు ఎలాగూ ఉన్నాయి. పత్తి తెచ్చే రైతు దగ్గరే కట్టె కూడా తూకం వేసి కొనే ఏర్పాటు చేస్తే కూలీ ఖర్చులైనా గిట్టుతాయి.

సొంత డాబా ఉన్నవాళ్లకు అంతకన్నా సులువైన దారి ఎండ. స్నానానికి కావాల్సింది గోరువెచ్చని నీళ్లే, దానికి మంటే అక్కర్లేదు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ కరెంటు ప్యానెళ్లకే పరిమితమైంది, సోలార్ వాటర్ హీటర్‌కు దక్కదు. 5 లక్షల సాయంతో కట్టే ఇందిరమ్మ ఇళ్లలోనైనా స్లాబు మీది నుంచి బాత్రూం దాకా వేడినీళ్ల పైపు ముందే వేయించాలి. గోడలు కట్టేటప్పుడైతే ఆ ఖర్చు స్వల్పం, తర్వాతైతే గోడ పగలగొట్టాల్సిందే.