గుంపులో గోవిందా

పార్ట్‌టైమే కదా, వారానికి మూడు క్లాసులే కదా, హాయిగా గడిచిపోతుందనుకున్నాను. మొదటిరోజు తలుపు తీస్తే 62 తలలు! ముగ్గురు పట్టే బెంచీ మీద ఐదుగురు.

నేను చెప్పాల్సింది ఫ్రెంచి. బోర్డు మీద రాసేసి చేతులు దులుపుకుంటే వచ్చేది కాదది. అందులో ఒక శబ్దం ఉంది: పెదాలు ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా చుట్టి, లోపల్నుంచి ‘ఈ’ అనాలి. వస్తోందో లేదో తెలియాలంటే ఒక్కొక్కరి మూతి చూడాలి, ఒక్కొక్కరి గొంతు వినాలి. క్లాసేమో 45 నిమిషాలు. అందులో హాజరుకే పది పోతాయి. మిగిలింది పంచితే మనిషికి 34 సెకన్లు. ఇక పాఠం ఎప్పుడు చెప్పను?

అందుకే అందరిచేతా ఒకేసారి అనిపిస్తున్నా. ముందు బెంచీలవాళ్లు అరుస్తారు, వెనకవాళ్లు పెదాలు కదుపుతారు, అంతే. నిన్న వెనకనుంచి ఒకబ్బాయిని లేపి అనమంటే, పాపం, ఈల వచ్చింది! క్లాసంతా ఒకటే నవ్వు. దాన్ని ఆపడానికి ఇంకో ఐదు నిమిషాలు. (నాకూ నవ్వొచ్చింది, అది వేరే సంగతి.)

నోటుపుస్తకాలు ఒక్కోటి మూడు నిమిషాల్లో దిద్దినా మూడు గంటల పైమాటే. జీతం మాత్రం క్లాసులో నిలబడ్డ గంటలకే. రెండు సెక్షన్లు చేయండి సార్ అని అడిగితే, “కొత్త కదమ్మా, మెల్లగా అలవాటవుతుంది” అన్నారు. అలవాటైంది, రోజూ పడుకునేముందు ఉప్పునీళ్లు పుక్కిలించడం.