బాలింత నొప్పికి నవ్వులూ కూపన్లూ కాదు, మనుషులు కావాలి

మొన్న సంక్రాంతి సంబరాల్లో మన తెలుగు సంఘం మహిళా విభాగం పెట్టిన ఆరోగ్య సదస్సుకు వచ్చినవాళ్లకు నేను దేని గురించి రాస్తున్నానో తెలుసు. చంకలో పసిబిడ్డతో వెనక వరసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "కాన్పయి మూడు నెలలైంది, తుమ్మితే మూత్రం పడుతోంది, నడుము వంగట్లేదు, కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చా?" అని అడిగింది. కైరోప్రాక్టర్ అంటే వెన్నునూ కీళ్లనూ చేత్తో నొక్కి సర్దేవాళ్లు. హాల్లో సగం మంది నవ్వారు. ఒక పెద్దావిడ మైకు తీసుకుని "మేమూ ముగ్గుర్ని కన్నాం, మాకేం కాలేదమ్మా" అన్నారు. బయట స్టాల్ పెట్టుకున్న క్లినిక్ వాళ్లు మొదటి విజిట్ ఫ్రీ అని కూపన్ చేతిలో పెట్టారు. ఆ అమ్మాయి భోజనానికి కూడా ఆగలేదు. కాన్పు తర్వాత ప్రతి ముగ్గురిలో సుమారు ఒకరికి ఈ మూత్రం జారే బాధ ఉంటుంది, అంటే ఆ నవ్విన వరసల్లోనూ ఉండే ఉంటారు.

మాది ప్రొద్దుటూరు. పెద్దబిడ్డ కాన్పుకు పుట్టింటికి వెళ్లాను, మండుటెండాకాలం. పొద్దున్నే నీళ్లు పోసే అవ్వ వచ్చేది. నువ్వులనూనె వెచ్చజేసి నడుముకు, పిక్కలకు బాగా పట్టించి, కాగులో కాగిన నీళ్లు చెంబులతో నడుం మీద కొట్టినట్టు పోసేది. తర్వాత సాంబ్రాణి, చెవుల్లో దూది, అమ్మ పాత నూలు చీర మడిచి పొట్టకు కట్టు. నేను లేచి గిన్నె తీయబోతే "గమ్మున పడుకో పాపా, ఇప్పుడు లేసి తిరిగితే ముసలితనంలో నడుము నిలబడదు" అని అమ్మ కసిరేది. బిడ్డను పాలకు మాత్రమే నా చేతికిచ్చేవాళ్లు. అంత కడుపులో పెట్టుకుని చూసుకున్న అమ్మే, పొట్ట పెరుగుతుందని నీళ్లు మాత్రం సరిగా తాగనివ్వలేదు. ఆ ఎండలో, పాలిచ్చేదాన్ని, నాలుక పిడచకట్టుకుపోయేది. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం గడ్డకట్టే ముప్పు మామూలుగానే ఎక్కువ, ఒంట్లో నీళ్లు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది. తలుపులు మూసిన గదిలో మంచం కింద నిప్పులు పెట్టడమైతే ప్రాణాంతకం, బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. ఈ రెండూ మానాల్సిందే, పెద్దవాళ్లు ఎంత నొచ్చుకున్నా సరే.

రెండో కాన్పు ఇక్కడ అమెరికాలో, సిజేరియన్. అమ్మకు వీసా రాలేదు, మా ఆయన లీవు అయిపోయింది, కుట్లు మానకముందే కార్ సీటు మోశాను. నడుం నొప్పి భరించలేక నేనూ కైరోప్రాక్టర్ దగ్గరికే వెళ్లాను. బల్ల దిగగానే హాయిగా ఉండేది, మళ్లీ బిడ్డను ఎత్తుకోగానే నొప్పి మొదలయ్యేది. చివరికి డాక్టరమ్మ పెల్విక్ ఫ్లోర్ ఫిజికల్ థెరపిస్ట్ దగ్గరికి, అంటే మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింద నుంచి మోసే కటి కండరాలకు వ్యాయామాలు నేర్పే ఆమె దగ్గరికి, పంపింది. ఆమె నన్ను వెల్లకిలా పడుకోబెట్టి తల కొంచెం ఎత్తమని, బొడ్డు దగ్గర వేళ్లు పెట్టి చూసి, పొట్ట కండరాలు రెండు పక్కలకీ విడిపోయాయని చెప్పింది. దీన్ని డయాస్టాసిస్ అంటారు. ఊపిరి వదులుతూ బరువెత్తడం, కటి కండరాలు బిగించి వదలడం, ఇలాంటివి ఓపిగ్గా నేర్పింది. నా నడుం నొప్పి తగ్గింది వాటితోనే.

కైరోప్రాక్టర్లు పనికిరారని నేననడం లేదు. మామూలు నడుం నొప్పికి ఆ వైద్యం కొందరికి కొంత ఉపశమనం ఇస్తుంది. కానీ గర్భంలో వదులైన కీళ్లు, లిగమెంట్లు కాన్పయిన వెంటనే గట్టిపడిపోవు, విడిపోయిన పొట్ట కండరాలను వెన్ను సర్దడంతో దగ్గరికి తేలేం. మెడను ఠక్కుమనిపించడం మాత్రం వద్దని చెప్పండి, అరుదుగానైనా మెడలోని రక్తనాళం చీలే ప్రమాదముంది, అది పచ్చి బాలింతలకు ఇంకొంచెం ఎక్కువ. ముందు ప్రసూతి డాక్టరుకు చూపించుకోవాలి. విపరీతమైన తలనొప్పి, జ్వరం, ఒక కాలు వాయడం ఉంటే ఏ మసాజూ వద్దు, నేరుగా ఆసుపత్రికే.

అమెరికాలో ప్రసూతి వైద్యుల సంస్థ ఎకాగ్ 2018లోనే మొదటి మూడు వారాల్లో డాక్టరు ఒకసారి పలకరించాలని, పన్నెండు వారాల్లోపు పూర్తి పరీక్ష చేయాలని చెప్పింది. ఫ్రాన్స్‌లో కటి కండరాల వ్యాయామాలు ప్రభుత్వ ఆరోగ్య బీమా కిందే చేయిస్తారు. మన పిల్లలకు వీటి గురించి చెప్పేవాళ్లే లేరు.

కార్యవర్గానికి నా మనవి ఇది. పాటల పోటీకి, ముగ్గుల పోటీకి ఇచ్చే సమయంలో ఒక గంట తీసి ఒక పెల్విక్ ఫ్లోర్ థెరపిస్ట్‌ను పిలవండి, మగవాళ్లను కూడా కూర్చోబెట్టండి. ఊరి నుంచి వచ్చి ఉన్న అమ్మలూ అత్తలూ, పక్క అపార్ట్‌మెంట్లో బాలింత ఉంటే ఒక పూట వెళ్లి బిడ్డను పట్టుకోండి, ఆమెను నిద్రపోనివ్వండి, అడిగినన్ని నీళ్లివ్వండి. భోజనం పంపేవాళ్ల జాబితా ఉగాదిలోపు తయారు చేద్దాం. అందులో మొదటి పేరు నాది రాసుకోండి, శనివారాలు నాకు వీలవుతుంది.