ఈ-బైకులు కొనడం తేలికే, కళింగపట్నం కథ చెప్పేదెవరు?

తుపాను వార్తల్లో తప్ప శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం పేరు రాష్ట్రంలో పెద్దగా వినపడదు. "కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉంది" అన్న మాట రేడియో రోజుల నుంచీ మన చెవులకు అలవాటే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను తీరం దాటింది కూడా దీనికి కాస్త ఉత్తరానే. ఒకప్పుడు సుగంధద్రవ్యాలూ వస్త్రాలూ ఓడలకెక్కిన రేవు ఇది. ఇంగ్లిషువాళ్ల కాలంలో మళ్లీ కొన్నాళ్లు నడిచి, తర్వాత మూతపడింది.

ఫోర్ట్ కొచ్చిలో, పుదుచ్చేరిలో పాత వీధులను గైడు వెంట సైకిలు మీద తిప్పి చూపించడం కొత్తేమీ కాదు. విదేశాల్లోని పాత రేవు పట్టణాల్లో ఆ పనికి ఎలక్ట్రిక్ బైకులు, అంటే మోటారు తోడున్న సైకిళ్లు, వచ్చేశాయి. సిక్కోలు తీరంలోనూ అలాంటి టూర్ పెట్టొచ్చా అంటే పెట్టొచ్చనే నా సమాధానం. అయితే మన దగ్గర ఇలాంటి ఆలోచన ఎప్పుడూ కొనుగోలుతో మొదలై కొనుగోలుతోనే ఆగిపోతుంది. నా భయమంతా అదే.

ఇప్పుడు శ్రీకాకుళం టౌన్ నుంచి కారులో వచ్చేవాళ్లు తిన్నగా బీచ్‌కి వెళ్తారు. కాసేపు నీళ్లలో ఆడి, లైట్‌హౌస్ దగ్గర ఫోటో దిగి వెనక్కి తిరుగుతారు. అక్కడికి పది కిలోమీటర్ల లోపే వంశధార గట్టున శాలిహుండం కొండ ఉంది. దాని మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), బౌద్ధ దేవత తార విగ్రహాలు దొరికాయి. తొలినాటి థేరవాదం నుంచి మంత్రతంత్రాల వజ్రయానం దాకా బౌద్ధం మారుతూ వచ్చిన ఆనవాళ్లు ఒకే కొండ మీద కనిపిస్తాయి. 1919లో ఆ శిథిలాలను వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకోసం పోరాడిన మనిషిగా ఆయన తెలియనివాళ్లు లేరు, ఈ సంగతి మాత్రం జిల్లాలోనే చాలామందికి కొత్త.

ఆ కొండనూ, కింద పారే నదినీ, నది కలిసే సముద్రాన్నీ విడివిడిగా చూస్తే మూడు పిక్నిక్ స్పాట్లే. కలిపి చూస్తే ఒక రేవు ఎలా బతికిందో అర్థమవుతుంది. ఓడ సరుకుతో వర్తకులు, ఆ వర్తకుల దానాలతో బౌద్ధ భిక్షువులుండే విహారాలు. కళింగ తీరంలో బౌద్ధ క్షేత్రాలు సముద్రానికి ఇంత దగ్గరగా ఉండటానికి కారణం అదే. కళింగపట్నంలోని దర్గా ఈ కథకు తర్వాతి కాలపు అధ్యాయం. కారు ఈ దారిని పావుగంటలో మింగేస్తుంది. నడిస్తే పూట పడుతుంది. చూస్తూ, ఆగుతూ, వింటూ పోవడానికి సైకిలు వేగమే సరి.

మామూలు సైకిలు చాలదా? కుర్రాళ్లకు చాలు. ఏభై దాటినవాళ్లకు మాత్రం సముద్రపు ఎదురుగాలిలో తొక్కడం చిన్న పని కాదు. ఈ-బైకులో పెడల్ తిరుగుతున్నట్టు సెన్సర్ కనిపెడితే మోటారు తోడొస్తుంది, తొక్కడం ఆపితే అదీ ఆగుతుంది. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవాటికి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒకసారి చార్జింగ్‌కి అర యూనిట్ కరెంటు అటూ ఇటూ. ఖర్చు సమస్య ఇక్కడ లేదు.

సమస్య గైడు. శాలిహుండంలో ఇటుకల కుప్ప ముందు నిలబెట్టి "ఇది చాలా పురాతనం సార్" అని చెప్పే గైడు ఉన్నా లేనట్టే. చక్రాకారపు పునాది ఏమిటో, అది నది పక్కన కొండ మీదే ఎందుకుందో చెప్పగలిగినవాడు కావాలి. దర్గా దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలో, వలలు బాగుచేసుకుంటున్నవాళ్లను ఫోటో తీసేముందు ఎలా అడగాలో కూడా వాడికే తెలియాలి. అందుకే మొదటి ఏడాది డబ్బంతా ఊరి పిల్లలకు శిక్షణ మీదే పెట్టాలంటాను. బైకులు తర్వాత కొనొచ్చు, ఈలోగా పాత సైకిళ్లతో తిప్పినా తప్పులేదు. ఇంకో మాట: అరసవల్లి, శ్రీకూర్మం గుళ్లు కూడా కలిపేద్దాం అని తప్పకుండా ఎవరో అంటారు. కలిపితే అది తీర్థయాత్ర ప్యాకేజీ అవుతుంది. వాటికి బస్సులున్నాయి, భక్తులూ ఉన్నారు.

దీన్ని ఉపాధి పథకంగా మాత్రం అమ్మకూడదు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా మనది. అయినా మన మత్స్యకారులు చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతున్నారు. వాళ్లను ఆపే శక్తి ఒక టూర్‌కి ఉండదు. పైగా లెక్క చూడండి. మత్స్యకారుల చేతిలో పని లేకుండా ఉండేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వేట నిషేధ కాలంలో. సరిగ్గా అప్పుడే ఉక్కపోతకు ఎవరూ సైకిలెక్కరు. అక్టోబరు, నవంబరు తుపానులకు పోతాయి. గట్టిగా నడిచేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దుటి పూట. పది మంది గైడులకు పక్క ఆదాయం వస్తే గొప్ప. అదేమీ తక్కువ కాదు, అలాగని వేదిక మీద వలసలు ఆగిపోతాయని ప్రకటించేంతా కాదు.

ఇక ఉప్పుగాలి. తీరంలో ఇనుము, కనెక్టర్లు, చైను ఎంత త్వరగా తుప్పు పడతాయో బెస్తవాళ్ల పడవ ఇంజిన్లను చూస్తే తెలుస్తుంది. రోజూ మంచినీళ్లతో తుడవాలి, బ్యాటరీలు విప్పి లోపల పెట్టాలి. టెండరు పాడుకుని దూరం నుంచి నడిపే కాంట్రాక్టరు ఇది చేయడు. బండి తన చేతిలో ఉండి, అది ఆగితే తన ఆదాయం ఆగేవాడే చేస్తాడు. కాబట్టి బైకులు గైడుల సంఘం పేరునే ఉండాలి. మరమ్మతుకు టిక్కెట్టులో కొంత ముందే పక్కన పెట్టాలి. టిక్కెట్టు ధర ఎంతని అడిగేముందు శాలిహుండం దగ్గరా బీచ్ దగ్గరా ఆడవాళ్లు వెళ్లగలిగే టాయిలెట్లు, రోజూ కడిగేవి, ఎవరి బాధ్యతో తేల్చండి.