మహారాజశ్రీ పాల డబ్బా గారికి

మహారాజశ్రీ కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయ కుశలోపరి. మా వంటింటి పై అరలో, నెయ్యి సీసాకూ చింతపండు జాడీకీ మధ్య తమరు క్షేమంగానే ఉన్నారు. అయినా ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. తమ మీద ఫిర్యాదులు మరీ ఎక్కువయ్యాయి. ఫిర్యాదుదారులలో మా బాబాయి గారు ముఖ్యులు.

మొదటి అభియోగం, తమరు వంటను చంపేశారని. పండక్కి వచ్చిన బాబాయి గారు కొబ్బరి లడ్డూ నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నారు. రెండోది అందుకుంటుండగా చెత్తబుట్టలో ఉన్న తమ ఖాళీ దేహం ఆయన కంటపడింది. అంతే, లడ్డూ రుచి మారిపోయింది. "ఓహో, డబ్బా సరుకా! మా అమ్మ కోవా కాచిందంటే పొద్దున్న మూకుడు ఎక్కిస్తే మధ్యాహ్నం దాకా గరిటె ఆపేది కాదు" అని అందుకున్నారు. ఉపన్యాసం సాగినంతసేపూ చెయ్యి మాత్రం పళ్లేన్ని వదలలేదు.

"మరి అప్పుడు మీరేం చేసేవారు బాబాయ్?" అని అడిగాను.

"నేనా? మూకుడు గోకేవాణ్ణి" అన్నారు, ఏమాత్రం తడబడకుండా.

గమనించారా మహాప్రభో! నిదానంగా వండడంలోని మాధుర్యం గురించి మాట్లాడేవారిలో చాలామంది ఈ గోకుడు శాఖకు చెందినవారే. గరిటె శాఖ వారు ఆ మాధుర్యాన్ని వర్ణించగా నేను పెద్దగా వినలేదు. కిలో కోవా కావాలంటే సుమారు 5 లీటర్ల పాలు ఇగరాలి. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి, అంచులకు కట్టిన మీగడను గీకి మళ్లీ పాలలోకి తోస్తూ ఉండాలి. దగ్గరపడే వేళకు పాలు కుతకుతలాడుతూ చేతి మీదికి చిందుతాయి. అప్పుడు పక్కకు జరిగితే మాడువాసన, జరగకపోతే బొబ్బలు. మా నాయనమ్మ ముంజేతి మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు ఉండేవి. బాబాయి గారి ఉపన్యాసంలో వాటి ప్రస్తావన రాలేదు.

ఆ నాయనమ్మ ఉన్న రోజుల్లోనే తమరు మా ఇంట అడుగుపెట్టారు. ఆవిడ చిటికెన వేలు ముంచి రుచి చూసింది. ధర అడిగింది. పాల ఖర్చు, గ్యాసు ఖర్చు మనసులోనే కూడి, "ఈసారి రెండు తీసుకురా" అంది. సంప్రదాయం గురించి ఒక్క ముక్క అనలేదు.

రెండో అభియోగం, తమరు పరదేశీయులని. ఇది మాత్రం తమరు కాదనలేరు. గెయిల్ బోర్డెన్ అనే అమెరికా ఆయన పాలను గాలి తీసేసిన పాత్రలో ఇగిరించే పద్ధతికి 1856లో పేటెంటు తీసుకున్నాడు. ఇంటింటా ఫ్రిజ్ లేని ఆ కాలంలో పాలు చెడకుండా నిలవ ఉండడమంటే సామాన్యం కాదు. ఇగిరిన పాలలో పంచదార కూడా బాగా కలిపితే సూక్ష్మజీవులకు బతకడానికి కావలసిన తడి దొరకదు, అదీ రహస్యం. తరువాత వచ్చిన అమెరికా అంతర్యుద్ధంలో తమరు ఉత్తరాది సైనికుల ఆకలి తీర్చారు. 1866లో ఇద్దరు అమెరికన్ అన్నదమ్ములు స్విట్జర్లాండులోని కామ్ అనే ఊళ్లో తమరిని తయారుచేయడానికి కంపెనీయే పెట్టారు. అంతటి యుద్ధవీరులు చివరికి మా ఇంట్లో పుట్టినరోజు కేకులో తేలారు. ఇక పరదేశీయులన్న మాటకొస్తే, ఆవకాయలోని మిరపకాయ కూడా ఓడ దిగి వచ్చినదే. దాన్ని ఇంతవరకు ఎవరూ పాస్‌పోర్టు అడగలేదు.

మూడో అభియోగమే అందరికీ ఇష్టమైనది. సగం కొన్నదాన్ని "ఇంట్లో చేశాను" అని ఎలా చెబుతావు? ఆత్రేయపురం నుంచి ఉత్త రేకులు తెప్పించుకుని, ఇంట్లో నెయ్యి రాసి, బెల్లం పొడి, జీడిపప్పు చల్లి మడతపెట్టి "మా ఇంటి పూతరేకులు" అని పంచిపెడితే ఎవరూ ముఖం చిట్లించరు. బోర్లించిన కుండ మీద రేకు తీయడం మనకు చేతకాదని అందరికీ తెలుసు. సేమ్యా ఒకప్పుడు ఇళ్లలోనే చేసేవారు, ఇప్పుడు పొట్లం చింపి పాయసం కాస్తున్నాం. ఆ పాయసం దేవుడికి నైవేద్యంగా కూడా వెళుతోంది. తమరు ఒక్కరే దోషి ఎలా అయ్యారో నాకు అర్థం కాదు. డబ్బా అన్న ఆకారమే కొంప ముంచిందని నా అనుమానం. సీసాలో వచ్చి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

పైగా తమరు పని మొత్తం లాగేసుకోలేదు. కొబ్బరి లడ్డూకి కాయ నేనే కొట్టాలి, కోరు నేనే తీయాలి. రెండు కప్పుల కోరుకు తమలో సగం సరిపోతుంది. మూత ఎత్తి వంచితే మీగడరంగులో మెరుస్తూ జారి, కొబ్బరి మీద మడతలు మడతలుగా పడతారు. ఆ మడతలు నెమ్మదిగా ఒకదానిలో ఒకటి కలిసిపోయేదాకా చూస్తూ నిలబడడం నాకు ఇష్టం, దానికి కారణం చెప్పలేను. పది నిమిషాలలో ముద్ద మూకుడు అంచులను వదిలేస్తుంది. యాలకుల పొడి వేసి, చేతికి నెయ్యి రాసుకుని, గోరువెచ్చగా ఉండగానే ఉండలు చుట్టాలి. మొదటి ఉండ ఎప్పుడూ పళ్లెంలోకి వెళ్లదు.

కేకు విషయంలో తమకు నేను మరింత రుణపడి ఉన్నాను. మా అత్తగారు గుడ్డు ముట్టరు. ఓవెన్ ఉంది కానీ అందులో దోసె పెనాలు కాపురం పెట్టాయి, వాటిని ఖాళీ చేయించడం నా వల్ల కాదు. కాబట్టి ప్రెషర్ కుక్కరే గతి. అడుగున రాళ్లుప్పు పరిచి, పైన చిన్న స్టాండు పెట్టి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, నీటి చుక్క లేకుండా సన్నని మంట మీద కేకు చేస్తాను. ఒక డబ్బా తమరు, రెండు కప్పుల మైదా, 100 గ్రాముల వెన్న, బేకింగ్ పొడి, చిటికెడు సోడా, జారుకు సరిపడా పాలు. గుడ్డు లేని లోటును చాలావరకు తమరే పూడుస్తారు. అరగంట దాటాక వెనిలా వాసన ముందుగదికి చేరుతుంది. అక్కడి నుంచి "అయిందా?" అన్న కేకలు మొదలవుతాయి. వాటికి లొంగి మధ్యలో మూత తీస్తే, ఇంకా గట్టిపడని కేకు నడుమ కుంగిపోతుంది. కొత్త చీపురుపుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. ఏ బేకరీ వాడూ ఈ పుల్లకు సాటి రాగల పరికరం కనిపెట్టలేదు.

ఇక తమ మీద నా సొంత ఫిర్యాదు. తమ వల్ల మా ఇళ్లలో ఒక కొత్తరకం సత్యం పుట్టింది. మధుమేహం ఉన్న పెద్దవారికి వడ్డిస్తూ, "పంచదార ఒక్క చెంచా కూడా వేయలేదండీ" అంటారు ఇల్లాళ్లు. మాట అక్షరాలా నిజమే. వేసే పని లేకుండా తమరే మోసుకొచ్చారు కదా! తమలో 40 శాతానికి పైగా పంచదారే. అంటే 400 గ్రాముల డబ్బా వంచినప్పుడే 160 గ్రాములకు పైగా పడిపోయింది. ధర్మరాజు కూడా అశ్వత్థామ అన్న తరువాత కుంజరః అని గొణిగాడు. మా వాళ్లు అది కూడా గొణగడం లేదు.

ఇంకొకటి. కోవా జోలికి మాత్రం తమరు రావద్దని మనవి. పాలపొడితో కలిసి మైక్రోవేవ్‌లో మూడు నిమిషాలు తిరిగి వచ్చి "నేనే పాలకోవా" అని తమరు నిలబడితే నాకు మనసొప్పదు. అందులో పలుకు ఉండదు, కాగిన పాల కమ్మదనం ఉండదు, నున్నటి తీపి ఒక్కటే ఉంటుంది. కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు దగ్గర ఆగి ఒక పొట్లం కొనుక్కోవడమే మర్యాద. అక్కడ గరిటె తిప్పేవారికి కూలి ముడుతుంది. మా నాయనమ్మకు మచ్చలే ముట్టాయి.

మిగతా విషయాలన్నింటిలో తమ పక్షానే ఉంటాను. ఖాళీ అయ్యాక కాసిని పాలు పోసి గిలకరించి, అడుగున అంటుకున్నది కూడా వదలకుండా తీసుకుంటానని హామీ ఇస్తున్నాను. మూతకు అంటినది నాకడం మాత్రం మానేయమని మా ఆయనకు చెప్పి చూశాను. ఆ అంచు కత్తిలాంటిది, అయినా ఆయన వినే రకం కాదు.

ఇట్లు,
గరిటె శాఖ నుంచి స్వచ్ఛంద విరమణ తీసుకున్న
తమ విధేయురాలు

తా.క.: మిగిలిన సగాన్ని స్టీలు గిన్నెలోకి మార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచాను. అది రాత్రికి రాత్రి తరిగిపోతోంది. పిల్లలు హాస్టల్లో ఉన్నారు. అత్తగారికి చక్కెర వ్యాధి. మా ఆయన ఊళ్లో లేరు. విచారణ అవసరం లేదని మనవి.