మరిగించడం వేరు, కడగడం వేరు

పసిపిల్లల సిలికోన్ గిన్నెలు, పళ్లాలు, చెంచాల గురించి ఎక్కడ మాట వచ్చినా, మరిగే నీళ్లలో వేసి తీస్తే చాలన్న సలహా ముందుగా వినిపిస్తుంది. ఈ సలహాతో నేను ఏ మాత్రం ఏకీభవించను. మరిగించడం వల్ల సూక్ష్మక్రిములు చస్తాయి గానీ గిన్నెకు పట్టిన జిడ్డు వదలదు, సిలికోన్ పాత్రలతో వచ్చే చిక్కంతా ఆ జిడ్డుతోనే.

సిలికోన్ నీటిని అంటనివ్వదు, నూనెను మాత్రం ఇట్టే పట్టుకుంటుంది. గాజు మీదా స్టీలు మీదా కొవ్వు పైపైనే ఉండి సబ్బు తగలగానే జారిపోతుంది. సిలికోన్‌లోకైతే అది కొద్దికొద్దిగా ఇంకుతుంది కూడా. క్యారెట్ గుజ్జో టమాటా గుజ్జో పెట్టిన పళ్లెం నారింజ రంగుకు తిరగడానికి కారణం ఇదే, ఎందుకంటే వాటిలోని రంగు పదార్థాలు నీటిలో కాక కొవ్వులో కరిగేవి. సబ్బులో కలిపే సుగంధాల సంగతీ అంతే. ఘాటైన వాసన ఉన్న సబ్బుతో రోజూ తోమిన గిన్నె ఆ వాసనను దాచుకుని, వేడి ఆహారం పడగానే బయటపెడుతుంది. మీ ఇంట్లోని గిన్నె సంగతి తెలుసుకోవాలంటే, కడిగిన గిన్నెలో వేడినీళ్లు పోసి, పూర్తిగా చల్లారాక ఒక గుక్క తాగి చూడండి. సబ్బు రుచి నాలుకకు తగిలితే బిడ్డ ప్రతి పూటా దాన్ని రుచి చూస్తున్నట్టే. అన్నం పెట్టగానే ముఖం తిప్పుకునే పిల్లలను మొండివాళ్లని తిట్టే ముందు పెద్దలు ఈ ఒక్క పరీక్ష చేయాలని నా మనవి.

కాబట్టి అసలు శ్రద్ధ కడగడం మీద ఉండాలి. తినడం అయిన వెంటనే, మెతుకులు ఎండకముందే, వాసన లేని ద్రవ సబ్బుతో, చేయి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లతో, మెత్తటి స్పాంజితో తోమాలి. ఆ స్పాంజి పిల్లల పాత్రలకే కేటాయించాలి, లేకపోతే పెద్దల గిన్నెల జిడ్డు తిరిగి వీటికే చేరుతుంది. స్టీలు పీచును దగ్గరికి రానివ్వకూడదు, దాని గీతల్లో ఆహారం ఇరుక్కుంటే ఏ సబ్బూ అక్కడికి చేరదు. తోమడానికి పట్టినంత సమయమూ నీళ్లతో జాడించడానికి పట్టాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు.

బల్లకు అతుక్కునే పీఠం ఉన్న గిన్నెను ఒక్కసారి తిరగేసి చూడండి. ఆ పీఠం అంచు కింద సన్నటి గాడి ఉంటుంది. వేలితో అంచును వెనక్కి మడిస్తే పాత ఆహారం బూడిద రంగు గీతలా కనిపిస్తుంది. చెంచా పిడి లోపల వేరే గట్టి ముక్క ఉంటే దాని అతుకు దగ్గరా, మూతల రబ్బరు పట్టీ కిందా ఇదే పరిస్థితి. బూజు మొదలయ్యేది అక్కడే. విడదీయగలిగిన భాగాలను ప్రతిసారీ విడదీయాలి; విడదీయరాని అతుకుల వస్తువును అసలు కొనకపోవడమే మేలు.

ఇక మరిగించడం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పిల్లల ఆహార పాత్రలను మరిగే నీటిలో 5 నిమిషాలు ఉంచమని చెబుతుంది. కానీ రోజూ అలా చేయడం ముఖ్యంగా 2 నెలలలోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవారికి, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి అవసరమనీ, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లల విషయంలో ప్రతిసారీ జాగ్రత్తగా కడిగితే రోజూ అక్కర్లేకపోవచ్చనీ అదే సంస్థ అంటుంది. ఘనాహారం మొదలుపెట్టేది సుమారు 6 నెలల వయసులో గనుక, ఈ గిన్నెలు వాడే ఇళ్లలో చాలావాటికి రెండో మాటే వర్తిస్తుంది. జిడ్డు ఉండగా మరిగిస్తే ఆ జిడ్డు నీటి మీద తేలి, తీసేటప్పుడు మళ్లీ గిన్నెలకే పూతలా అంటుకుంటుంది.

మరకల గురించి దిగులు పడనక్కర్లేదు. శుభ్రంగా కడిగిన గిన్నెను ఎండలో ఉంచితే క్యారెట్ రంగు క్రమంగా వెలిసిపోతుంది. కఠిన జలం వల్ల ఏర్పడే తెల్లటి పొరకు నీళ్లు కలిపిన వెనిగర్ సరిపోతుంది. వెనిగర్‌నూ వంటసోడానూ కలిపి వాడమనే చిట్కాను మాత్రం వదిలేయండి. రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మిగిలేది నురగ మాత్రమే.

కడిగాక గుడ్డతో తుడవకుండా, గాలి ఆడేచోట వాలుగా నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. తడి గిన్నెలను ఒకదానిలో ఒకటి పేర్చి మూసిన అలమరలో పెట్టడం బూజును పిలిచి కూర్చోబెట్టడమే. చిరుగు పడినా, పంటి గాట్లు లోతుగా దిగినా, ఎంత కడిగినా జిగట పోకపోయినా ఆ గిన్నెను పారేయాలి, అది ఎంత ముద్దుగా ఉన్నా సరే.

తయారీదారుల మీద నా ఫిర్యాదు ఒక్కటే. అట్ట మీద "సులభంగా శుభ్రమవుతుంది" అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసేవారు, వాసన లేని సబ్బు వాడమనీ, పీఠం కింది గాడిని తోమమనీ, ఆరాకే లోపల పెట్టమనీ మూడు వాక్యాలు చేర్చడానికి అక్కడ చోటు లేక కాదు. ఆ మూడు వాక్యాలూ అచ్చు వేసేదాకా కొనేవాళ్లమే అమ్మేవాళ్లను అడుగుతూ ఉండాలి.